గైడు ఇవ్వని పేజీ నంబరు

‘గోలకొండ కవుల సంచిక’లో ఎంతమంది కవులున్నారు? చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ దగ్గర టీ తాగుతున్న ఏ గ్రూప్స్ అభ్యర్థినైనా అడగండి. గ్లాసు కింద పెట్టకుండానే 354 అంటారు. ఏ సంవత్సరం? 1934. సంపాదకుడు? సురవరం ప్రతాపరెడ్డి. మూడు బిట్లూ కరెక్టే. ఆ పుస్తకాన్ని ఎప్పుడైనా చేత్తో పట్టుకున్నారా అని నాలుగో ప్రశ్న వేస్తేనే ఇబ్బంది. ‘అన్నా, గైడ్ల ఉన్నది చదివేటందుకే టైం సాలట్లే. అసలు పుస్తకం యాడ దొర్కుతది?’ అని మా లాలాగూడ తమ్ముడొకడు నన్నే ఎదురు అడిగాడు.

న్యాయమైన ప్రశ్న. దొరికేచోటు చెప్పడం తేలిక, ఎక్కువ భాగం మెట్రో దూరంలోనే ఉంది. ముందు, అంత అవసరం ఏమొచ్చిందో చూద్దాం.

గ్రూప్-2లో నాలుగో పేపర్ మొత్తం తెలంగాణ ఉద్యమం, రాష్ట్ర ఆవిర్భావమే. 150 మార్కులు. గ్రూప్-1 మెయిన్స్‌లో ఆరో పేపర్ కూడా అదే, అదీ 150. ఇవి కాక జనరల్ స్టడీస్‌లో తెలంగాణ చరిత్ర, సంస్కృతి, సాహిత్యం. మనలో చాలామంది వీటి కోసం చదివేది ఒక గైడు. ఆ గైడు ఇంకో గైడు చూసి రాసింది. ఆ ఇంకో గైడు ఏదో కోచింగ్ సెంటర్ నోట్సు చూసి రాసింది. వాట్సాప్‌లో ఫార్వర్డ్ అవుతూ వచ్చిన ఫొటో ఎలా మసకబారుతుందో, మన స్థానిక చరిత్ర కూడా మన దగ్గరికి అలాగే వస్తోంది.

దీని వల్ల నష్టం ఎక్కడ తెలుస్తుందంటే, ప్రిలిమినరీ కీ వచ్చిన రోజు. కీలో జవాబు తప్పనిపిస్తే కమిషన్‌కు అభ్యంతరం పంపొచ్చు. కానీ ఆధారం జత చేయాలి. రచయిత పేరు, ఎడిషన్, పేజీ నంబరు, ప్రచురణ సంస్థ, లేదంటే వెబ్‌సైటు చిరునామా అడుగుతారు. ప్రామాణికం కాని ఆధారాన్ని పరిగణించబోమని కూడా ముందే చెబుతారు. ‘మా సార్ క్లాసులో చెప్పాడు’ అన్నదానికి పేజీ నంబరు ఉండదు. ఒక్క మార్కుతో పోస్టు పోగొట్టుకున్నవాళ్లు మన ప్రతి స్టడీ రూములోనూ ఉన్నారు. అభ్యంతరాల గడువు మొదలయ్యాక అసలు పుస్తకం కోసం పరుగెత్తే బదులు, అది ఏ అల్మరాలో ఉంటుందో ముందే తెలిసి ఉండటం మంచిది కదా.

ఆ మార్కు సంగతి పక్కన పెట్టినా, అసలు పుస్తకం చదివితే ఇంకొకటి జరుగుతుంది. బిట్లన్నీ ఒకదానికొకటి అతుక్కుంటాయి. ఎలాగో చెప్తా.

బిట్ వెనక ముచ్చట

1921 నవంబరులో హైదరాబాద్‌లోని వివేకవర్ధిని థియేటర్‌లో సంఘ సంస్కార సభ ఒకటి జరిగింది. ఉర్దూ, మరాఠీ, ఇంగ్లిష్ ప్రసంగాలు నడిచాయి. అల్లంపల్లి వెంకట రామారావు అనే వకీలు లేచి తెలుగులో మాట్లాడబోతే గేలి చేశారు. ఆ రాత్రే కొందరు తెలుగువాళ్లు కూర్చుని ఆంధ్ర జన సంఘం పెట్టుకున్నారు. అది పెరిగి, 1930లో జోగిపేటలో మొదటి ఆంధ్ర మహాసభ దాకా వెళ్లింది. దానికి అధ్యక్షుడు సురవరం ప్రతాపరెడ్డి.

ఈ కథను అందరికంటే దగ్గరగా చూసి రాసినవాడు మాడపాటి హనుమంతరావు. పుస్తకం పేరు ‘తెలంగాణా ఆంధ్రోద్యమము’, రెండు భాగాలు. గైడులో ఇది నాలుగు లైన్లు. మాడపాటి దగ్గర మాత్రం ఎవరు ఎవరికి ఉత్తరం రాశారు, ఏ తీర్మానం మీద ఎంత గొడవైంది, ప్రభుత్వం దగ్గర అనుమతి ఎలా సంపాదించారు అన్నీ ఉంటాయి. అప్పట్లో సభ పెట్టాలంటే గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు అడ్డం. ముందస్తు అనుమతి లేకుండా నలుగురు కూడటం కష్టం. అందుకే తెలంగాణలో గ్రంథాలయోద్యమం అంత ముఖ్యమైంది. లైబ్రరీ అంటే పుస్తకాలు చదివే చోటే కాదు, మనుషులు కూడే చోటు కూడా. గ్రంథాలయోద్యమం ఒక బిట్, గస్తీ నిషాన్ ఇంకో బిట్, ఆంధ్ర మహాసభ మూడో బిట్ అని విడివిడిగా బట్టీ పట్టేవాడికి ఈ లింకు దొరకదు. మెయిన్స్‌లో ఆన్సర్ రాసేటప్పుడు కావాల్సింది ఈ లింకే.

మరి 354 ఎక్కడ నుంచి వచ్చింది? తెలంగాణలో తెలుగు కవులు లేరని ముడుంబ వేంకట రాఘవాచార్యులు ఒక మాట అన్నారు. 1926 మే 10 నుంచి గోలకొండ పత్రిక నడుపుతున్న ప్రతాపరెడ్డి వాదనకు దిగలేదు. కవులందరూ తమ పద్యాలు పంపాలని పత్రికలో కోరి, వచ్చినవన్నీ కూర్చి అచ్చేశారు. ఇవాళ్టి భాషలో చెప్పాలంటే అది క్రౌడ్ సోర్సింగ్, డేటాతో జవాబు. ఫోన్లు లేవు, రోడ్లు అంతంత మాత్రం, చదువు ఉర్దూ మీడియం. ఆ పరిస్థితిలో తపాలా మీద ఆధారపడి ఒక సంస్థానం నలుమూలల నుంచి 354 మందిని లెక్క తేల్చడం చిన్న పని కాదు. ఆ అంకె వెనక ఉన్న పట్టుదల తెలిశాక దాన్ని మర్చిపోవడమే కష్టం.

ఇక ప్రతాపరెడ్డిదే ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’. తెలుగులో మొట్టమొదటి కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు, 1955లో, దీనికే. ఇందులో రాజులు ఏ ఏడాది గద్దెనెక్కారన్న జాబితా కోసం వెతక్కండి. జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలాడారు, పన్నులు ఎలా కట్టారు అన్నది కావ్యాల్లోంచి, సామెతల్లోంచి ఏరి రాశారు. సొసైటీ టాపిక్ చదువుతూ నిద్రొచ్చేవాళ్లకు నా సలహా ఇదొక్కటే, ఒక అధ్యాయం చదివి చూడండి. భాష కొంచెం పాతదే, కానీ పది పేజీలు దాటితే అలవాటైపోతుంది.

ఒక్క ఏడాది తేడా ఎందుకొస్తుంది?

ఒకే సంఘటనకు రెండు గైడుల్లో రెండు సంవత్సరాలు కనిపించి తల పట్టుకున్నారా? అన్నీ అచ్చుతప్పులే అనుకోవద్దు. నిజాం కాలపు కాగితాల్లో చాలాచోట్ల తేదీలు ఫసలీలో ఉంటాయి. ఫసలీకి 590 కలిపితే ఇంగ్లిష్ సంవత్సరం వస్తుందని ఒక షార్ట్‌కట్ ఉంది. కానీ హైదరాబాద్ సంస్థానంలో ఫసలీ ఏడు అక్టోబరులో, ఆజూర్ నెలతో మొదలయ్యేది. కాబట్టి ఒక ఫసలీ ఏడు రెండు ఇంగ్లిష్ సంవత్సరాల మీద పరుచుకుని ఉంటుంది.

ఉదాహరణ చూడండి. ఆంధ్ర జన సంఘం పుట్టింది 1921 నవంబరులో. నల్లగొండ నుంచి షబ్నవీసు వెంకట రామ నరసింహారావు ‘నీలగిరి’ పత్రికను, ఇనుగుర్తి నుంచి ఒద్దిరాజు సోదరులు ‘తెనుగు’ పత్రికను తెచ్చింది 1922 ఆగస్టులో. ఇవన్నీ ఫసలీ 1331లోనే పడతాయి. ఎవరైనా గుడ్డిగా 590 కలిపితే 1922 ఆగస్టు కాస్తా 1921 అయిపోతుంది. ఆ తప్పు ఒకసారి గైడులోకి ఎక్కితే ఇక దిగదు. అసలు కాగితంలో నెల కూడా ఉంటుంది కాబట్టి అక్కడే తేలిపోతుంది.

ఒద్దిరాజు సోదరుల గురించి ఒక మాట చెప్పకుండా ముందుకు వెళ్లలేను. సీతారామచంద్రరావు, రాఘవరంగారావు. ఇనుగుర్తి అప్పట్లో వరంగల్ జిల్లాలో ఒక పల్లె, ఇప్పుడు మహబూబాబాద్ జిల్లా. ఊళ్లోనే అచ్చుయంత్రం పెట్టుకుని వారపత్రిక నడిపారు. కంటెంట్ వాళ్లదే, ప్రొడక్షన్ వాళ్లదే, డిస్ట్రిబ్యూషన్ వాళ్లదే. స్టార్టప్ కథల కోసం సిలికాన్ వ్యాలీ దాకా వెళ్లే మన టెక్ బ్లాగులు (నాది సహా) ఇనుగుర్తి దాకా వెళ్లకపోవడం నాకు వింతగా ఉంటుంది.

గ్రీన్ లైన్ ఎక్కితే చాలు

సికింద్రాబాద్ వెస్ట్ స్టేషన్‌లో ఎంజీబీఎస్ వైపు మెట్రో ఎక్కండి. ఈ గ్రీన్ లైన్ ఇలా లైబ్రరీలను కలుపుకుంటూ పోతుందని వేసినవాళ్లు కూడా అనుకుని ఉండరు.

ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ లేదా చిక్కడపల్లిలో దిగితే కొంచెం దూరంలో బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రం. సాయుధ పోరాటం, కమ్యూనిస్టు ఉద్యమం, పాత పత్రికలు, ఉర్దూ పుస్తకాలు అక్కడి బలం. 2000 ఆగస్టులో హైదరాబాద్‌ను ముంచెత్తిన వరదలో సెల్లార్‌లో ఉన్న వేల ఉర్దూ పుస్తకాలు, పత్రికలు నీట మునిగాయి. తర్వాత ఎంతో కష్టపడి చాలావాటిని ఆరబెట్టి కాపాడుకున్నారు. ఒక్క వర్షానికి ఎంత పోవచ్చో గుర్తుంచుకోవాల్సిన సంగతి ఇది.

సిటీ సెంట్రల్ లైబ్రరీ మీకు కొత్త కాదు. కానీ మనం అక్కడికి వెళ్లేది కుర్చీ కోసం, కరెంటు ప్లగ్గు కోసం. సొంత గైడు సంచిలో తెచ్చుకుని చదువుకుని వచ్చేస్తాం. ఒక్కసారి లేచి తెలంగాణ చరిత్ర ర్యాకు ముందు నిలబడి చూడండి.

సుల్తాన్ బజార్‌లో దిగితే శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం. 1901 సెప్టెంబరు 1న మొదలైంది. కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు లాంటివాళ్ల చేతి చలవ. బిట్ పేపర్లో పేరు చూసినవాళ్లలో ఎంతమందికి అది ఇప్పటికీ ఉందని, లోపలికి వెళ్లొచ్చని తెలుసో నాకు అనుమానమే. దీని తర్వాత 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్ర, 1905లో మన సికింద్రాబాద్‌లో ఆంధ్ర సంవర్ధినీ గ్రంథాలయం వచ్చాయి. లష్కర్ కుర్రాళ్లు ఆ చివరి పేరు గుర్తుపెట్టుకోవాలి.

చివరి స్టేషన్ ఎంజీబీఎస్. అక్కడి నుంచి అఫ్జల్‌గంజ్ స్టేట్ సెంట్రల్ లైబ్రరీ దగ్గరే. 1891లో ఆసఫియా లైబ్రరీగా మొదలైంది. మూసీ ఒడ్డున ఆ భవనం చూడటానికే ఒక పూట పెట్టొచ్చు. పాత పత్రికలు కావాలంటే ఏ పత్రిక, ఏ నెల, ఏ సంవత్సరం అని చీటీ మీద రాసుకుని వెళ్లండి. ‘తెలంగాణ గురించి ఏమున్నాయి సార్’ అని అడిగితే అక్కడి సిబ్బంది మాత్రం ఏం చేస్తారు?

గ్రీన్ లైన్ మీద లేనిది ఒకటే, తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్. సికింద్రాబాద్ ఈస్ట్ నుంచి బ్లూ లైన్‌లో రెండో స్టేషన్. మొఘల్, ఆసఫ్‌జాహీ కాలాల అసలు కాగితాలు అక్కడే ఉన్నాయి. కాలేజీ నుంచి ఒక పరిచయ లేఖ, గుర్తింపు కార్డు పట్టుకెళ్లడం మంచిది. పాత కాగితాల్లో ఎక్కువ భాగం ఫార్సీ, ఉర్దూ. ఇంజినీరింగ్‌లో మా క్లాసు అరవై మందిలో ఉర్దూ లిపి చదవగలిగినవాళ్లను ఒక చేతి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మన తాతల భూముల లెక్క, మన ఊరి చెరువు లెక్క మనం చదవలేని లిపిలో ఉన్నాయన్నమాట.

శాసనాల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. కొమర్రాజు పేరిట ఏర్పడిన లక్ష్మణరాయ పరిశోధక మండలి ఊరూరా తిరిగి శాసనాలకు అచ్చు తీసి ‘తెలంగాణా శాసనములు’ ప్రచురించింది. మండలి పని భుజాన వేసుకున్నవాడు ఆదిరాజు వీరభద్రరావు, బడిపంతులు. తర్వాతి తరంలో బి.ఎన్. శాస్త్రి నల్లగొండ చుట్టూ తిరిగి శాసనాలు సేకరించారు, ‘మూసీ’ అనే పత్రికే నడిపారు. పాలమూరు వైపు కపిలవాయి లింగమూర్తి గుడులు, స్థలపురాణాల మీద పని చేశారు. వీళ్లెవరికీ ప్రాజెక్టు గ్రాంటు ముందు రాలేదు. బస్సెక్కి వెళ్లి చూసి వచ్చి రాశారు. జిల్లా స్థాయి ప్రశ్నలకు వీళ్లను మించిన ఆధారం అరుదు.

సికింద్రాబాద్ అచ్చేసిన ఒక పుస్తకం

మన ఊరి చరిత్ర అనగానే 1798 సైన్య సహకార ఒప్పందం, 1806లో సికందర్ జా పేరు మీద సికింద్రాబాద్, 1897 ఆగస్టు 20న బేగంపేటలో దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసిన రొనాల్డ్ రాస్, ఇవే చెప్పుకుంటాం. నరేంద్ర లూథర్ ఇంగ్లిష్‌లో రాసిన ‘లష్కర్’ ఈ కంటోన్మెంటు కథను బాగా చెబుతుంది. రెసిడెన్సీ ఫైళ్లు ఢిల్లీలోని నేషనల్ ఆర్కైవ్స్‌లోనూ, లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలోనూ ఉన్నాయి. ఢిల్లీవాళ్ల ‘అభిలేఖ్ పటల్’ పోర్టల్‌లో ఇంట్లో కూర్చునే వెతకొచ్చు.

కానీ నన్ను అడిగితే సికింద్రాబాద్ చరిత్రకు ఇచ్చిన పెద్ద కానుక వేరు. 1955లో ఇక్కడి యూనివర్సల్ ఆర్ట్ ప్రింటర్స్‌లో ఒక ఇంగ్లిష్ పుస్తకం అచ్చయింది. పేరు ‘అవర్ స్ట్రగుల్ ఫర్ ఇమాన్సిపేషన్’, రచయిత పి.ఆర్. వెంకటస్వామి. హైదరాబాద్ సంస్థానంలో దళిత ఉద్యమం ఎలా నడిచిందో అందులో తిరిగిన మనిషే రాసిన రికార్డు. 1906లో భాగ్యరెడ్డి వర్మ జగన్మిత్ర మండలి పెట్టిన రోజుల నుంచి మొదలై 1953 దాకా వస్తుంది.

గైడులో భాగ్యరెడ్డి వర్మ అంటే ఒక పేరా. పుట్టింది 1888, అసలు పేరు మాదరి భాగయ్య, పత్రిక ‘భాగ్యనగర్’. అరిగె రామస్వామి ఒక లైను, బి.ఎస్. వెంకట్రావు ఒక లైను, శ్యాంసుందర్ ఒక లైను. వెంకటస్వామి పుస్తకంలో వీళ్లు మనుషులుగా కనిపిస్తారు. కలిసి పని చేస్తారు, పోట్లాడుకుంటారు, విడిపోయి వేరే సంఘాలు పెడతారు. ఎవరు ఏ సంఘమో మనం పరీక్ష హాల్లో ఎందుకు తికమక పడతామో అప్పుడర్థమవుతుంది. వాళ్లు విడిపోయిన కారణం మనకు ఎవరూ చెప్పలేదు కాబట్టి.

ఈ పుస్తకం మళ్లీ అచ్చులోకి రావడానికి 65 ఏళ్లు పట్టింది. 2020లో హైదరాబాద్ బుక్ ట్రస్ట్ తెచ్చింది. మధ్యలో ఉన్న ఆ 65 ఏళ్లలో తెలంగాణ మీద ఎన్ని పుస్తకాలు వచ్చాయో, ఎన్ని సిలబస్‌లు మారాయో లెక్కేసుకోండి. అచ్చులో లేని పుస్తకం చరిత్రలోనూ లేనట్టే అవుతుంది. సిలబస్‌లో ఒక పేరు ఉండటమూ లేకపోవటమూ కొన్నిసార్లు ఒక పాత కాపీ ఎవరింట్లోనో చెదలు పట్టకుండా బతకడం మీద ఆధారపడి ఉంటుంది.

రాసిన కాగితమే లేని చోట ఏం చేయాలి? దానికీ మన దగ్గర ఒక జవాబుంది. 1986లో స్త్రీశక్తి సంఘటన ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చింది. సాయుధ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్ల దగ్గరికి టేప్ రికార్డర్ పట్టుకుని వెళ్లి, వాళ్లు చెప్పింది వాళ్ల మాటల్లోనే రాశారు. మల్లు స్వరాజ్యం, చిట్యాల ఐలమ్మ, దూదల సాలమ్మ ఉన్నారు అందులో. మూడేళ్లకు ఇంగ్లిష్‌లోనూ వచ్చింది. పోరాటం గురించి నాయకులు రాసినవి చాలా ఉన్నాయి, పుచ్చలపల్లి సుందరయ్య పుస్తకం, రావి నారాయణరెడ్డి ‘వీర తెలంగాణ’ తప్పక చదవాల్సినవే. అవన్నీ చదివాక ఇది చదవండి. పోరాటం ముగిశాక ఆ ఆడవాళ్లు ఏమయ్యారు అనే ప్రశ్న నాయకుల పుస్తకాల్లో అంతగా రాదు. అప్పుడు టేప్ రికార్డర్ కొనడమే ఖర్చు. మీ జేబులో ఉన్న ఫోను ఇవాళ దానికంటే వంద రెట్లు నయం. మీ నానమ్మకు రజాకార్ల రోజులు గుర్తుంటే ఈ సెలవుల్లోనే కూర్చోబెట్టి మాట్లాడించండి.

ఇంట్లో కూర్చుని వెతికేవాళ్లకు

డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా ప్రాజెక్టులో స్కాన్ చేసిన వేల తెలుగు పుస్తకాలు ఇప్పుడు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉన్నాయి. సమస్య ఏమిటంటే పుస్తకాల పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో, ఇష్టమొచ్చిన స్పెల్లింగులతో, మధ్యమధ్య అపాస్ట్రఫీలతో ఎక్కించారు. తెలుగులో టైప్ చేసి ‘లేదు’ అనుకుని వెనక్కి వచ్చేవాళ్లే ఎక్కువ. పూర్తి పేరుతో కాకుండా రచయిత ఇంటిపేరుతోనో, పేరులో ఒక్క ముక్కతోనో వెతకండి. మూడు నాలుగు స్పెల్లింగులు మార్చి చూడండి. పాత పత్రికలకైతే ఉమ్మడి రాష్ట్రంలో ప్రెస్ అకాడమీ చేయించిన స్కాన్లు ఉన్నాయి. గోలకొండ పత్రిక కూడా అందులో ఉంది.

ఊరి పేరుతో వెతికేటప్పుడు జిల్లా మారిందని మర్చిపోవద్దు. 2016 అక్టోబరు దాకా మనకు 10 జిల్లాలే, ఇప్పుడు 33. కాబట్టి సిరిసిల్ల గురించి పాత పుస్తకం కరీంనగర్ కింద ఉంటుంది. ఇంకా వెనక్కి వెళ్తే కరీంనగర్ బదులు ఎలగందుల, నిజామాబాద్ బదులు ఇందూరు, మహబూబ్‌నగర్ బదులు పాలమూరు అని ఉంటుంది.

స్కాన్ పీడీఎఫ్‌లో కంట్రోల్-ఎఫ్ కొడితే ఏమీ రాదు. అది బొమ్మే కానీ అక్షరాలు కావు. గూగుల్ డ్రైవ్‌లో పెట్టి గూగుల్ డాక్స్‌తో తెరిస్తే అక్షరాలుగా మారుతుంది. టెస్సరాక్ట్ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్‌కూ తెలుగు వచ్చు. కానీ పాత సీసపు అక్షరాల దగ్గర రెండూ తడబడతాయి. అరసున్న, బండి ‘ఱ’ కనిపిస్తే గందరగోళం. తెలుగు అంకెల్లో ఉన్న సంవత్సరాలు మరీ ప్రమాదం. ౧౯౨౬ లాంటిది ఏదేదో అయిపోతుంది. చాట్‌బాట్‌ను అడిగితే పని సులువు కదా అంటారా? అది సంవత్సరాన్ని ఎంత ధీమాగా చెబుతుందో, పేజీ నంబరును కూడా అంతే ధీమాగా పుట్టిస్తుంది. ఆ పేజీ తెరిచి మీ కళ్లతో చూసేదాకా అభ్యంతర పత్రంలో రాయకండి.

ఏది డౌన్‌లోడ్ చేయొచ్చు అనేదానికి ఒక సూటి లెక్క ఉంది. మన దేశంలో రచయిత చనిపోయాక 60 ఏళ్ల దాకా కాపీరైట్. ప్రతాపరెడ్డి 1953లో పోయారు కాబట్టి 2014 నుంచి ఆయన రచనలు అందరివీ. ఇప్పుడున్న రచయితల పుస్తకాలు, అంటే సుంకిరెడ్డి నారాయణరెడ్డి ‘తెలంగాణ చరిత్ర’, పత్రికా రంగ చరిత్ర మీద సంగిశెట్టి శ్రీనివాస్ ‘షబ్నవీస్’ లాంటివి కొనుక్కోండి. కోచింగ్ ఫీజు ముందు వాటి ధర ఎంత?

ఉద్యమం పేపర్ వాళ్లకు ఒక అదనపు మాట. ఫజల్ అలీ కమిషన్ 1955 నివేదిక, 2010 డిసెంబరు నాటి శ్రీకృష్ణ కమిటీ నివేదిక ఇంగ్లిష్‌లో నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. తెలంగాణను హైదరాబాద్ రాష్ట్రంగా విడిగా ఉంచి, 1961 ప్రాంతంలో జరిగే ఎన్నికల తర్వాత అక్కడి శాసనసభ మూడింట రెండొంతుల మెజారిటీతో ఒప్పుకుంటేనే ఆంధ్రతో కలపాలని ఫజల్ అలీ కమిషన్ అన్న పేరాలు ఒక గంటలో చదివేయొచ్చు. ప్రొఫెసర్ జయశంకర్ ‘తెలంగాణ రాష్ట్రం ఒక డిమాండ్’ చిన్న పుస్తకమే. ఈ మూడూ చదివితే గైడులో సగం పేజీలు రివిజన్‌లా అనిపిస్తాయి.

ఇదే పని ఉద్యోగం అవుతుందా అని కొందరు అడుగుతున్నారు. అవుతుంది, కానీ పెద్ద ప్యాకేజీలు ఊహించుకోవద్దు. పోస్టులు తక్కువ, నోటిఫికేషన్లు ఇంకా తక్కువ. లైబ్రరీ సైన్స్ డిగ్రీ ఉస్మానియాలో ఉంది, అంబేడ్కర్ ఓపెన్ యూనివర్సిటీలో దూరవిద్యలోనూ ఉంది. ఢిల్లీ నేషనల్ ఆర్కైవ్స్ వాళ్ల స్కూల్ ఆఫ్ ఆర్కైవల్ స్టడీస్‌లో ఏడాది డిప్లొమా ఉంది. ఇంజినీరింగ్ వాళ్లకు అసలు అవకాశం ఇంకో వైపు కనిపిస్తోంది. పాత తెలుగు అచ్చును చదవగలిగే ఓసీఆర్, స్కాన్లకు సరైన క్యాటలాగ్, తెలుగు-ఉర్దూ రెండూ తెలిసిన డేటా పని. ఫైనలియర్ ప్రాజెక్టుకు ఇంకో అటెండెన్స్ యాప్ చేసే బదులు గోలకొండ పత్రిక వంద పేజీలు తీసుకుని ఓసీఆర్ ఎక్కడెక్కడ తప్పుతోందో లెక్క తీసి, సరిచేసే మోడల్ చేయండి. ఇంటర్వ్యూలో మాట్లాడటానికి కనీసం కొత్త సబ్జెక్టు ఉంటుంది. తెలుగు వికీసోర్స్‌లో పాత పుస్తకాలు పేజీ పేజీ సరిచూసే వాలంటీర్లకు ఎప్పుడూ చేతులు తక్కువే. అక్కడ నెల రోజులు పని చేసినా పాత భాష మీద పట్టు వచ్చేస్తుంది.

కొనేవాళ్లకు కాచిగూడ నవోదయ, ఏటా జరిగే హైదరాబాద్ బుక్ ఫెయిర్ ఉన్నాయి. కానీ నా ఓటు ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్‌కే. తెలుగు పాత పుస్తకాలు ఇంగ్లిష్ నవలల కుప్పల కింద ఉంటాయి, ఓపిగ్గా తీయాలి. పొద్దున్నే వెళ్లండి, ఎండెక్కేసరికి మంచివి పోతాయి. బేరం ఆడే ముందు రెండు చూడండి. మొదటి పేజీల్లో ప్రచురణ సంవత్సరం, ఎడిషన్ ఉన్న కాగితం చిరిగిపోలేదు కదా, చివర్లో విషయసూచిక పేజీలు ఉన్నాయా. ఆ రెండూ లేని కాపీ చదువుకోవడానికి పనికొస్తుంది కానీ అభ్యంతరానికి పనికిరాదు.